పదిహేడో నంబరు మీద ఇద్దరు మరియమ్మలు

మా మేనకోడలి కూతురు ఈ మధ్య ఒక బట్టల ఫ్యాక్టరీలో పనివాళ్ళ బాగోగులు చూసే ఉద్యోగంలో చేరింది. చేరిన నెలకే ఫోన్ చేసింది. "తాతయ్యా, మా దగ్గర ఎవరికి వీలైన గంటల్లో వాళ్ళు పనిచేసే పద్ధతి పెడుతున్నారు. చంటిపిల్లల తల్లులు, వయసు మళ్ళినవాళ్ళు, ఒంట్లో బాగుండనివాళ్ళు, అందరికీ! చాలా కొత్త పద్ధతట. నువ్వు జన్మంతా మిల్లుల్లోనే గడిపావుగా, నాలుగు ముక్కలు చెప్పు" అంది.

కొత్త పద్ధతి అనేసరికి నాకు నవ్వాగలేదు. ఆ పద్ధతిని యాభైల చివర్లోనే నరసరావుపేటలో ఒక పత్తి మిల్లులో అక్షరమ్ముక్క రాని ఆడవాళ్ళు నడిపారు. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. నేను దాన్ని పట్టుకుని, దొంగతనమని పేరు పెట్టి, ఒక్క వారంలో నాశనం చేశాను. తర్వాత దాన్ని మళ్ళీ నిలబెట్టడానికి నా తలప్రాణం తోకకొచ్చింది. అదంతా ఫోనులో చెప్తే తేలే సంగతి కాదు గనక రాస్తున్నాను. ఏ ఏడు నాకు ఏ హోదా ఇచ్చారో ఇందులో ఉండదు. దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు, నిజం చెప్పాలంటే నాకే సరిగా గుర్తులేదు.

బిళ్ళ

నా పేరు ప్రకాశం. మాది క్రోసూరు దగ్గర పల్లె. మా నాన్న మిషన్ బడిలో పంతులు. ఇరవై ఒకటో ఏట నేను ఆ మిల్లులో టైమ్ కీపరుగా చేరాను. మెడలో ఈల, జేబులో గడియారం, ముక్కు మీద కోపం. ఈ మూడూ ఉంటే మిల్లు నడిపేయొచ్చని నా నమ్మకం.

మిల్లులో ఇరవై నాలుగు జిన్నులు రెండు వరసల్లో ఉండేవి. జిన్ను అంటే పత్తిలోంచి గింజను విడదీసే యంత్రం. దాని ముందు అరుగు లాంటి ఎత్తు మీద ఒక ఆడమనిషి కూర్చుని, పక్కనున్న కుప్పలోంచి పత్తి తీసి చేత్తో పల్చగా అందిస్తూ ఉండాలి. తోలు చుట్టిన రోలరు దూదిని అటు లాక్కుంటుంది, గింజ ఇటు కింద పడుతుంది. ముద్దగా పెడితే రోలరు బిగుసుకుని కాలిన వాసన వస్తుంది. మరీ పల్చగా పెడితే జిన్ను ఊరికే తిరుగుతుంది. చూడడానికి ఏముంది, చిన్నపిల్లయినా చేస్తుందనిపిస్తుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ప్రతి జిన్నుకూ ఒక నంబరు, ఆ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఒకటి. పొద్దున గేటు దగ్గర పలక మీద మేకులకు బిళ్ళలు వేలాడుతుండేవి. ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకుని లోపలికి వెళ్ళాలి, సాయంత్రం తిరిగి తగిలించి పోవాలి. ఆ నంబరంటే వాళ్ళకు సొంత పొలంతో సమానం. ఒక సీజనులో పోగొట్టుకుంటే వెంటనే ఇంకొకరు వచ్చి ఆ జిన్ను మీద కూర్చుంటారు, మళ్ళీ ఈ జన్మకు దొరకదు. అందుకని జ్వరమొచ్చినా, పురుడొచ్చినా నంబరు మాత్రం వదిలేవాళ్ళు కాదు. ఎలా వదలకుండా ఉండగలిగేవాళ్ళో నాకు తట్టలేదు. తట్టాల్సింది.

చేరిన కొత్తలో నేను చేసిన మొదటి ఘనకార్యం, ఏడు కొట్టగానే గేటు మూసేయడం. రెండో రోజే ఇంజను నడిపే మస్తాన్ మేస్త్రీ అయిదు నిమిషాలు ఆలస్యమయ్యాడు. రూలు రూలే అని ఆయన్నీ బయటే ఉంచేశాను. లోపల ఇరవై నలుగురు ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని వక్క నములుతూ కబుర్లు మొదలుపెట్టారు. బయట మస్తాన్ గోడకానుకుని బీడీ వెలిగించాడు.

"నాకేం తొందర లేదు బాబూ. నీ గేటు సల్లబడ్డాక పిలు, వచ్చి ఇంజను తిప్పుతా" అన్నాడు.

అరగంట తర్వాత నేనే గేటు తీశాను. అప్పటికైనా బుద్ధి రావాలి కదా! రాలేదు.

గంజి తాగొచ్చేసరికి

అంతకుముందు హాజరు పొద్దున ఒక్కసారే పిలిచేవాళ్ళు. మధ్యాహ్నం కూడా పిలవాలని నేను కొత్తగా పెట్టాను. మొదటి రోజు పుస్తకం పట్టుకుని వరసగా పేర్లు చదువుతూ పోతున్నాను.

"పదిహేడు, మరియమ్మ!"

"ఉన్నా బాబూ" అని లేత గొంతు వినిపించింది.

తలెత్తి చూశాను. పొద్దున పదిహేడు మీద కూర్చున్న మరియమ్మకు యాభై అయిదేళ్ళు ఉంటాయి. తెల్లజుట్టు, దగ్గు. ఇప్పుడు ఇరవై రెండేళ్ళ పిల్ల కూర్చునుంది. గంజి తాగొచ్చేలోపల ముప్పై ఏళ్ళు తగ్గింది.

"నువ్వు మరియమ్మవా?"

"అవును బాబూ."

"పొద్దున వచ్చిన మరియమ్మవి?"

"నేనే బాబూ."

"పొద్దున నీ జుట్టు తెల్లగా ఉందే?"

ఆ పిల్ల తల వంచుకుని, కంగారు లేకుండా చెప్పింది. "దూది నూగు బాబూ. గంజికి పోయినప్పుడు దులుపుకున్నా."

షెడ్డు షెడ్డంతా గొల్లుమంది. నా చెవులు ఎర్రబడ్డాయి. ఇప్పుడు తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది గానీ, ఆ రోజు నన్ను వెర్రివాణ్ణి చేశారని ఒళ్ళు మండిపోయింది. కూపీ లాగాను. ఆ పిల్ల పేరు రూతు. మరియమ్మ కోడలు. పొద్దున అత్త జిన్ను మీద ఉంటే, ఇంట్లో కోడలు నాలుగు నెలల బిడ్డకు పాలిచ్చి వంట చేస్తుంది. పన్నెండింటికి బిడ్డను చంకనేసుకుని మిల్లు ముందు రోడ్డు మీదికి వస్తుంది. అత్త బిళ్ళ ఇచ్చి బిడ్డను అందుకుంటుంది. మాపటిదాకా కోడలు పని, అత్త బిడ్డతో ఇంటికి. రూతు మొగుడు మాచర్ల అవతల డ్యామ్ కట్టే చోటికి రాళ్ళ పనికి పోయాడు. ఇద్దరికీ ఉన్న ఆధారం ఆ ఒక్క నంబరే.

ఇదొక్కటే అనుకున్నాను. తవ్వితే ఏడు తేలాయి! ఇరవై నాలుగు బిళ్ళల్లో ఏడింటి మీద ఇద్దరిద్దరు. ఒకచోట అక్కాచెల్లెళ్ళు, అక్కకు మూర్ఛ. ఒకచోట తోడికోడళ్ళు, ఒకామెకు తొమ్మిదో నెల. ఒకచోట తల్లీకూతుళ్ళు, తల్లికి మోకాళ్ళు వంగవు. వాటిని జంట బిళ్ళలు అనేవాళ్ళు. మనుషులకు పేర్లు కూడా ఉన్నాయి. అత్త పొద్దుటి మరియమ్మ, కోడలు మాపటి మరియమ్మ. మిల్లులో ఇది తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

మర్నాడు పొద్దున మరియమ్మను నిలేశాను. ఆమె నాకు తల్లి వయసు, అయినా వేలు చూపిస్తూ మాట్లాడాను.

"ఇది దొంగతనం. తెలుసా నీకు?"

"దొంగతనమేంది బాబూ? జిన్ను ఆగిందా? పత్తి మిగిలిందా? ఏం దొంగిలిచ్చాం చెప్పు."

"ఒకరి పేరు మీద ఇంకొకరు పనిచేయడం తప్పు."

"పేరుదేముందయ్యా, నువ్వు పని చూడు."

నేను పని చూడలేదు. సోమవారం నుంచి ఒక బిళ్ళకు ఒకే మనిషి, పొద్దుటి నుంచి మాపటిదాకా అదే మనిషి, కుదరకపోతే నంబరు పోతుంది అని చెప్పి, పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చేశాను.

రంగయ్య గారు

మేనేజరు రంగయ్య గారి గురించి రెండు ముక్కలు చెప్పాలి. అరవై దాటిన మనిషి. పొడుం పీల్చేవాడు. ఎవరి మీదా గొంతెత్తేవాడు కాదు. నేను వెళ్ళి జంట బిళ్ళల సంగతి చెబితే ముక్కు తుడుచుకుంటూ, "ఓహో, కనిపెట్టావా" అన్నాడు.

"మీకు ముందే తెలుసాండీ?"

"తెలుసంటే ఆపాలి గదటయ్యా! తెలవనట్టు ఉంటే నడిచిపోయిద్ది."

"ఇప్పుడు నాకు తెలిసిందిగా. ఆపేశాను."

"సరే, ఆపావుగా. చూద్దాం, పదిరోజులు నడుపు" అన్నాడు.

చాలాకాలం ఆయన్ని ఆదర్శంగా పెట్టుకున్నాను. ఇప్పటికీ ఆయనంటే నాకు ప్రేమే. కానీ ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకు నిజం చెప్పాలి. చూసీ చూడనట్టు ఉండే పెద్దమనిషి మంచివాడే గానీ, ఆ మంచితనం వల్ల వచ్చే ముప్పు ఆయన మీద పడదు, కింద కూర్చున్నవాళ్ళ మీద పడుతుంది. ఆ సంగతి మరో నాలుగు రోజుల్లో నాకు అర్థమైంది.

సోమవారానికి ఏడు జంటల్లోనూ ఒక్కొక్కరే వచ్చారు. మూడు జిన్నుల మీద పని సగానికి పడిపోయింది. తొమ్మిదో నెల తోడికోడలు ఉన్న జంటలో రెండో ఆమెకు ఇంట్లో ముగ్గురు పిల్లలు. మంగళవారం రాలేదు. ఆమె చోట కొత్తమనిషిని కూర్చోబెడితే ఒక్కరోజులో రెండుసార్లు రోలరు బిగించేసింది. మస్తాన్ మేస్త్రీ రెంచి పట్టుకుని వచ్చి, నా ముఖం చూసి, ఏమీ అనకుండా బాగుచేసి పోయేవాడు. తిట్టినా బాగుండేది.

పదిహేడు మీద రోజంతా పనికి మరియమ్మే వచ్చింది. బిడ్డకు పాలు కావాలి కాబట్టి రూతు రాలేదు. దుమ్ములో రోజంతా కూర్చుంటే అత్త దగ్గు తట్టుకోలేదు. ఇద్దరిలో ఎవరొచ్చినా నష్టమే. ముసలామె తన ఛాతీని పణంగా పెట్టింది. వారం గడిస్తే నా పట్టు సడలుతుందని, నంబరు నిలబడుతుందని ఆమె ఆశ.

గురువారం మధ్యాహ్నం మూడు దాటాక పెద్ద దగ్గు తెర వచ్చింది. దగ్గుతూ ముందుకు వంగింది. కొంగు జారి రోలరు మీద పడింది. రోలరు కొంగును పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. కొంగుతో పాటు మనిషి. పక్క పదహారు మీద ఉన్న సువార్తమ్మ కేక వేసి, కర్రతో జిన్నును తిప్పే బెల్టును పక్కకు తోసేసింది. జిన్ను ఆగింది. మరియమ్మ చెయ్యి రోలరుకు జానెడు దూరంలో ఉంది.

నేను షెడ్డు ఆ చివర ఉన్నాను. పరుగెత్తుకొచ్చేసరికి ఆమె అరుగు మీద కూర్చుని, చిరిగిన కొంగును చూసుకుంటూ ఆయాసపడుతోంది. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "నా నంబరు తీసెయ్యవు గదా బాబూ?"

ఆ మాటకు నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఇంతకన్నా వేరే విధంగా రాయడం నాకు చేతకాదు.

జిన్ను మీద నేను

రంగయ్య గారు నన్ను తిట్టలేదు. "పదిహేడు రేపు ఖాళీగా ఉంటదయ్యా. నువ్వు కూర్చో" అన్నాడు.

కూర్చున్నాను. సువార్తమ్మ నాకు గురువు. ఆమె నోటికి తాళం లేదు.

"అట్టా పిడికిళ్ళతో కాదు బాబూ, పిల్లకి తలంటినట్టు వేళ్ళు జారిచ్చు... అయ్యో, ముద్దెయ్యమాక! వాసన రావట్లా? ముక్కు పంజెయ్యదా నీకు?"

గంటలో నడుము పట్టేసింది. రెండు గంటల్లో భుజాలు పోయాయి. నూగు కళ్ళల్లో, ముక్కులో, గొంతులో దూరింది. తుమ్మితే ఆగదు. పదకొండింటికి వేళ్ళు నా మాట వినడం మానేశాయి. అవతలి వరస ఆడవాళ్ళు నా కోసం పాట కట్టి పాడుతున్నారు. పాటలో నా ఈల కూడా ఉంది. పన్నెండు కొట్టగానే కిందికి దిగబోతే కాలు తిమ్మిరెక్కి చతికిలబడ్డాను.

"బాబూ, మాపటికి ఎవుర్ని పంపుతున్నావు? మీ అమ్మగారు రాలేదా?" అంది సువార్తమ్మ. మళ్ళీ గొల్లుమన్నారు. ఈసారి నేనూ నవ్వాను. నాకూ ఒక జంట కావాలని అప్పుడు తెలిసింది, ఒట్టేసి చెబుతున్నాను.

ఈ ఉద్యోగంలోకి వచ్చే ప్రతివాళ్ళకూ నేను చెప్పే సలహా ఒక్కటే. మీరు ఏ పనికి గంటలు నిర్ణయిస్తారో, ఆ పని ముందు ఒక పూట చేయండి. ఆ తర్వాతే కలం పట్టుకోండి. నాకు ఎవరూ చెప్పలేదు, నా నడుమే చెప్పింది.

ఆ సాయంత్రం మరియమ్మ ప్రమాదం గురించి రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. పేరు మరియమ్మ, నంబరు పదిహేడు అని రాశాక చెయ్యి ఆగిపోయింది. అదే జంటబిళ్ళ రోజుల్లో జరిగుంటే? మాపు వేళ ఆ సీట్లో ఉండేది రూతు. రూతు చెయ్యి పోతే నేను ఏ పేరు రాస్తాను? పుస్తకంలో ఉన్నది మరియమ్మ. రెండు చేతులూ నిక్షేపంగా ఉన్న మరియమ్మను ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టి, ఈమె చెయ్యి పోయిందని చెప్పాలా? రూతుకు చికిత్స రాదు, పరిహారం రాదు. ఆ పిల్ల ఆ మిల్లులో మూడు సీజన్లుగా పనిచేస్తోంది. కాగితం మీద ఆ పిల్ల లేనే లేదు.

నేను ఆపింది తప్పు. అప్పటిదాకా నడిచిన తీరూ సరైంది కాదు. జంటలు ఉండాలి, ఇద్దరి పేర్లూ పుస్తకంలో ఉండాలి. నాకు ఈ రెండూ ఒకేసారి తట్టేసరికి కుర్చీలో నిలవలేకపోయాను. మర్నాడు పొద్దున్నే రంగయ్య గారి దగ్గరికి పోయాను. అంతా విని ఆయన పొడుం డబ్బీ మూసేశాడు. "ఇది నేను ఇరవై ఏళ్ళ కిందట చెయ్యాల్సిన పనయ్యా. పద, షావుకారు దగ్గరికి" అన్నాడు.

నాలుగు పేర్లు

మిల్లు షావుకారు గారు చెడ్డవాడు కాదు. ఆయనకు ప్రాణం పత్తి కుప్పలు. మా మాట విని, "జిన్ను తిరిగితే నాకు ఇద్దరైతే ఏంది, ముగ్గురైతే ఏంది, రాసుకోండి" అన్నాడు. నేను పొంగిపోయాను. అంతలో ఆయన, "ఆగండాగండి. మన దగ్గర ఆడోళ్ళు ఎంతమంది?" అని అడిగాడు.

జిన్నుల వాళ్ళూ, పత్తి ఏరేవాళ్ళూ కలిపి నలభై ఆరు. ఏడు పేర్లు కలిపితే యాభై మూడు. ఫ్యాక్టరీ చట్టం ప్రకారం ఆడవాళ్ళు యాభై దాటితే చంటిపిల్లలకు గది కట్టాలి, చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలి.

"నా మిల్లులో ఉయ్యాలలు కట్టమంటారా? యాభైలో ఆపండి. నాలుగు పేర్లు రాయండి. మిగతా ముగ్గురి సంగతి నాకు చెప్పమాకండి."

"ఏ ముగ్గుర్నండీ తీసేది?" అన్నాను.

"అది నీ పని. పుస్తకం నీ దగ్గరే ఉందిగా."

ఎవరు ముందొచ్చారో చూస్తే రూతు అందరికన్నా చివర. తీసేసే ముగ్గురిలో మొదటి పేరు ఆ పిల్లదే. నేను ఆ కాగితం జేబులో పెట్టుకుని పేటలో మరియమ్మ ఇంటికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని కషాయం తాగుతోంది. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ ఇంక దుమ్ములోకి పోవద్దని గట్టిగా చెప్పిందట. రూతు బిడ్డను ఒళ్ళో వేసుకుని మూలన కూర్చునుంది. ఉన్నదున్నట్టు చెప్పాను.

"నా పేరు రాయమాక బాబూ" అంది రూతు. "పేరు రాస్తేనేగా తీసేసేది. అత్త పేరు మీదే ఏదో ఒకటి చేసుకుంటా."

"మీ అత్త ఇక పనికి రాకూడదమ్మా. నీ పేరు లేకపోతే ఆ నంబరే ఉండదు."

ఆ పిల్ల కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. మరియమ్మ మాత్రం కషాయం గ్లాసు కింద పెట్టి, "ఏడుగురూ ఒకటే కష్టం చేశారు. నలుగుర్ని ఎట్టా ఏరతావు? పుచ్చు గింజల్ని ఏరినట్టా?" అని నన్నే అడిగింది.

"నాకూ తెలియడం లేదు పెద్దమ్మా" అన్నాను. ఆమెను నేను పెద్దమ్మా అని పిలవడం అదే మొదలు.

ఆమె రూతు ఒళ్ళోంచి బిడ్డను అందుకుంది. "సోమారం దాకా ఏం రాయమాక. ఆ రోజు మేవే వత్తాం" అంది.

ఆ సోమవారం

సోమవారం పొద్దున ఏడింటికి గేటు దగ్గర ఏడు బిళ్ళలకు పద్నాలుగు మంది నిలబడ్డారు. పొద్దుటివాళ్ళూ మాపటివాళ్ళూ కలిసి వచ్చారు. నిండు గర్భిణి తోడికోడలు గోడకు చేరగిలబడి కూర్చుంది. మోకాళ్ళ తల్లి కర్ర పట్టుకుని వచ్చింది. బిడ్డలు ఉన్నవాళ్ళు బిడ్డల్ని కూడా తెచ్చారు. చంకల్లో నలుగురు, పాకేవాళ్ళు ముగ్గురు, కాళ్ళొచ్చినవాళ్ళు అయిదుగురు.

ముందు మరియమ్మ, పక్కన రూతు.

"నువ్వే ఏరుకో బాబూ. ఏ మరియమ్మ కావాలి నీకు?" అంది మరియమ్మ.

వెనకనుంచి సువార్తమ్మ, "ముసల్ది అయితే నూగుంటది, చూసుకో!" అని అరిచింది. మస్తాన్ మేస్త్రీ ఇంజను వదిలేసి వచ్చి నిలబడి చూస్తున్నాడు. రంగయ్య గారు గేటు బార్లా తీయించి, "ఎండలో ఎందుకమ్మా, లోపలికి రండి" అన్నాడు. ఆయన అమాయకంగా అన్నాడో, తెలిసే అన్నాడో నాకు ఈనాటికీ తెలియదు.

లోపలికి రాగానే పిల్లలకు పత్తి కుప్పలు కనబడ్డాయి. అంతే! కాళ్ళొచ్చినవాళ్ళు అయిదుగురూ ఒక్క ఉరుకున ఎక్కేశారు. దొర్లుతున్నారు, మునుగుతున్నారు, ఒకరి మీద ఒకరు చల్లుకుంటున్నారు. పాకేవాళ్ళు వాళ్ళ వెనక. సరిగ్గా ఆ సమయానికి షావుకారు గారి జట్కా వచ్చి ఆగింది. ఆయన దిగేసరికి, ఆయన ప్రాణంగా చూసుకునే నంబరు వన్ రకం పత్తి కుప్ప మీద ఒక బుడ్డోడు నిలబడి, తీరిగ్గా, ధారగా, ఒంటికి పోస్తున్నాడు.

"ఓరి నాయనో!" అని షావుకారు గారు తల పట్టుకున్నాడు. "దించండయ్యా ముందు! ఆ పిల్లల్ని పత్తి మీంచి దించండి! యాడన్నా గదిలో పెట్టండి, ఎవుర్నన్నా కాపలా పెట్టండి!"

"చిత్తం. ప్రకాశం, విన్నావుగా? అయ్యగారు గది ఇమ్మన్నారు, మనిషిని కూడా పెట్టమన్నారు. రాసుకో" అన్నాడు రంగయ్య గారు.

రాసుకున్నాను. అంత వేగంగా నా జన్మలో ఏదీ రాయలేదు. షావుకారు గారు నోరు తెరిచి, నన్నూ, రంగయ్య గారినీ, కుప్ప మీదున్న బుడ్డోణ్ణీ మార్చి మార్చి చూశాడు. ఆడవాళ్ళంతా ఆయన వైపే చూస్తున్నారు. కాదనడానికి ఆయనకు ముఖం చెల్లలేదు. "పాత గింజల గది ఉందిగా, అది సున్నం కొట్టిచ్చండి. ఒక్కటి చెబుతున్నా, ఇంకొక్కసారి నా పత్తి మీద ఒక్క పిల్లోడు కనపడ్డాడో..." అంటూ లోపలికి పోయాడు. లోపలికి పోయాక ఆయన నవ్వుతున్న చప్పుడు నేను విన్నాను.

ఆ వారంలో మస్తాన్ మేస్త్రీ ఆరు బిళ్ళల్ని రంపంతో నిలువునా రెండుగా కోసి, అంచులు నున్నగా ఆకురాయి పెట్టి ఇచ్చాడు. పొద్దుటామెకు ఒక ముక్క, మాపటామెకు ఒక ముక్క, పుస్తకంలో ఇద్దరి పేర్లు. ఎవరి గంటలు వాళ్ళే చెప్పారు. మూర్ఛ ఉన్న అక్క జిన్ను వద్దంది, తన పూట ఏరేవాళ్ళలో ఒకామెకిచ్చి తాను పత్తి ఏరడానికి కూర్చుంది. గర్భిణి మూడు నెలలు రానంది, తర్వాత సగం పూట వస్తానంది. ఏడు ఇళ్ళకు ఏడు కష్టాలు. నేను మొదట్లో అన్నిటికీ కలిపి ఒకే రూలు పెట్టాలనుకున్నాను, ఎంత తెలివి! ఆ తర్వాత సీజనంతా జిన్నులు ఆగింది లేదు. మనుషులు దొంగచాటుగా చేసే పనిని పట్టుకునే ముందు, నిజం చెప్పుకోవడానికి మనం వాళ్ళకు చోటు ఇచ్చామా అని చూసుకోవాలి. అమ్మాయీ, నీ ఉద్యోగంలో సగం ఇదే.

పదిహేడో బిళ్ళను మాత్రం కోయలేదు. పిల్లల గదికి మనిషిగా మరియమ్మను పెట్టాం. అక్కడ దుమ్ములేదు. బిడ్డ అక్కడే అత్త దగ్గర ఉంటాడు కాబట్టి, మధ్యలో వెళ్ళి పాలిచ్చి వస్తూ రోజంతా పనిచేస్తానంది రూతు.

హాజరు

కొత్త పుస్తకంలో మొదటి హాజరు పిలిచిన రోజు నాకు బాగా గుర్తుంది. ఏడు గంటలు. అందరూ జిన్నుల ముందు నిలబడ్డారు. ఇంజను ఇంకా మొదలవలేదు గనక షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. ఒకటి నుంచి చదువుకుంటూ వచ్చాను. జంటల దగ్గర పొద్దుటామె పేరు చదివి, మాపటామె పేరు కూడా అందరికీ వినపడేట్టు చదివాను.

"పదహారు, సువార్తమ్మ."

"ఉన్నా బాబూ, యాడికి పోతా!"

"పదిహేడు, రూతమ్మ."

ఎవరూ పలకలేదు.

తలెత్తాను. రూతు పదిహేడు ముందే నిలబడి ఉంది. పత్తి వైపు చూస్తూ, తన వంతు కోసం ఎదురుచూస్తోంది.

"పదిహేడు! రూతమ్మ!"

ఆ పిల్ల అందరిలాగే అటూ ఇటూ చూసింది, ఎవరా అని. మూడు సీజన్లు ఆ షెడ్డులో ఆ పిల్లను ఆ పేరుతో ఒక్కరూ పిలవలేదు. మూడోసారి పిలవలేకపోయాను.

పిల్లల గది గుమ్మంలోంచి, చంకలో మనవడితో, మరియమ్మ దగ్గుతూనే కేకేసింది.

"ఏమే! నిన్నేనే పిలిచేది! పలకవే!"

రూతు ఉలిక్కిపడింది. నా వైపు చూసింది, పుస్తకం వైపు చూసింది. బడిలో పిల్లలా చెయ్యి పైకెత్తి, "నేనే బాబూ. రూతును. ఉన్నా" అంది.